గొలుసు, గడ, థియోడొలైట్: బోధన, ప్రదర్శనల కోసం పురాతన సర్వే పరికరాల సేకరణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

భూమిని కొలిచిన పాత పరికరాలు నేడు రెండు చోట్ల కనిపిస్తున్నాయి. కొన్ని ప్రదర్శనశాలల అద్దాల పెట్టెల్లో ఉన్నాయి, మరికొన్ని కార్యాలయాల, కళాశాలల సామాను గదుల్లో ఉన్నాయి. మొదటిచోట అవి అలంకారాలుగా, రెండవచోట నిరుపయోగ వస్తువులుగా మిగిలాయి. ఈ పరికరాలను చారిత్రక ఆధారాలుగా గుర్తించి సేకరించవలసిన అవసరాన్ని, సేకరణలో పాటించవలసిన పరీక్షలను, బోధనలో వాటి ప్రయోజనాన్ని దక్షిణ భారత సర్వే చరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: గడ, గొలుసు, థియోడొలైట్, మహా త్రికోణమితీయ సర్వే, ఆధార రేఖ, వెర్నియర్, భూరికార్డులు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర రచనకు శాసనాలు, కైఫీయతులు, దస్తావేజులు ఆధారాలని అందరూ అంగీకరిస్తారు. ఆ దస్తావేజుల్లోని అంకెలను పుట్టించిన పనిముట్లకు మాత్రం అంతటి గౌరవం దక్కలేదు. ఒక పొలం విస్తీర్ణం ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు అని రికార్డులో ఉన్నప్పుడు, ఆ అంకె వెనుక ఒక ఇనుప గొలుసు, దానిని లాగిన ఇద్దరు మనుషులు, పుస్తకంలో కొలత రాసుకున్న ఒక ఉద్యోగి ఉంటారు. గొలుసు సాగితే అంకె మారుతుంది. అంకె మారితే గట్టు వివాదమవుతుంది. అందువల్ల పాత సర్వే పరికరం కేవలం చూడముచ్చటైన ఇత్తడి వస్తువు కాదు. నేటికీ చెల్లుబాటు అవుతున్న రికార్డుకు అది మూలసాక్షి.

2020లో ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలను అందుకునే కేంద్రాల సహాయంతో భూముల పునఃసర్వే ప్రారంభమైంది. కొత్త కొలతకూ పాత రికార్డుకూ తేడా వచ్చిన ప్రతిచోటా ఏది సరైనదనే ప్రశ్న తలెత్తుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే పాత కొలత ఎలా జరిగిందో తెలియాలి. పరికరాన్ని చేతితో పట్టి చూడని తరానికి ఆ అవగాహన పుస్తకం ద్వారా మాత్రమే రావడం కష్టం. ఈ పరికరాల సేకరణ ఇప్పుడు చర్చనీయం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

2. గడ నుంచి గొలుసుకు

తెలుగు నేలపై భూమి కొలత ఆంగ్లేయుల రాకతో మొదలైనది కాదు. కాకతీయుల కాలపు శాసనాల్లో భూదానాలను వివరించేటప్పుడు కేసరిపాటిగడ వంటి కొలగడల పేర్లు కనిపిస్తాయి. మర్తురు, ఖండుగ వంటి కొలమానాలూ శాసనభాషలో ప్రసిద్ధాలే. ఏ గడతో కొలిచారో పేరు పెట్టి చెప్పవలసి రావడమే ఒక ముఖ్య విషయాన్ని సూచిస్తుంది. గడలు అనేకం ఉండేవి, వాటి పొడవులు వేరువేరు. కాబట్టి దాన శాసనంలో గడ పేరు లేకపోతే కొలత అసంపూర్ణమే. గడ పొడవును ఆలయ ప్రాకారంపై రాతిలో గీసి అందరికీ అందుబాటులో ఉంచే ఆచారం దక్షిణ భారతంలో ఉండేది. ప్రమాణాన్ని బహిరంగంగా నిలపాలన్న భావన ఇక్కడి ప్రజలకు కొత్తది కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఆంగ్లేయుల రెవెన్యూ కొలతలకు ప్రధాన సాధనం గంటర్ గొలుసు. ఎడ్మండ్ గంటర్ 17వ శతాబ్ది తొలి దశకాల్లో రూపొందించిన ఈ గొలుసు పొడవు 66 అడుగులు. ఇందులో 100 లింకులు ఉంటాయి. ఒక్కొక్క లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎకరంలో నూరవ వంతైన సెంటు సరిగ్గా 1000 చదరపు లింకులకు సమానం. అంటే గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల రైతు నేటికీ పలికే సెంటు అనే మాటలో ఈ గొలుసు దాగి ఉంది.

తెలంగాణలో లెక్క వేరు. అక్కడ వాడుకలో ఉన్న గుంట 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చతురస్రం. అది 121 చదరపు గజాలు, ఎకరంలో నలభయ్యవ వంతు. పాత టిప్పన్లలోని కొలతలు 33 అడుగుల గొలుసుపై, దానిని పదహారు అణాలుగా విభజించిన లెక్కపై ఆధారపడ్డాయి. రూపాయికి పదహారణాలన్న వ్యవహారాన్నే భూమికీ అన్వయించారన్నమాట. సెంటు, గుంట అనే రెండు మాటలు రెండు పరిపాలనల చరిత్రను, రెండు గొలుసుల చరిత్రను మోస్తున్నాయి. తెలుగు ప్రాంతంలో ఏర్పడే ఏ సర్వే పరికరాల ప్రదర్శనలోనైనా ఈ రెండు గొలుసులూ పక్కపక్కన ఉండటం సముచితం.

3. మహా సర్వే పరికరాలు

గ్రామంలోని పొలాన్ని కొలిచే గొలుసుకూ దేశం ఆకృతిని నిర్ణయించే గొలుసుకూ ఖచ్చితత్వంలో ఎంతో భేదముంది. విలియం లాంబ్టన్ ఉపయోగించిన గొలుసును లండన్ శిల్పి జెస్సీ రామ్స్‌డెన్ తయారుచేశాడు. అది 100 అడుగుల ఉక్కు గొలుసు. రెండున్నర అడుగుల చొప్పున 40 లింకులు ఉండేవి. 1793లో మెకార్ట్‌నీ రాయబార బృందం చైనా చక్రవర్తికి కానుకలుగా తీసుకువెళ్లిన సామగ్రిలో ఉన్న ఈ గొలుసు అక్కడ స్వీకారం పొందక, జేమ్స్ డిన్‌విడ్డీ వెంట కలకత్తా చేరింది. లాంబ్టన్ సర్వేకు అది అక్కడ లభించింది.

1802లో మద్రాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధార రేఖను కొలిచారు. గొలుసును నేలపై పరచలేదు. ముక్కాలి పీటలపై నిలిపిన కొయ్య దోనెల్లో ఉంచి, ఉష్ణమాపకాలతో వేడిని నమోదు చేస్తూ కొలిచారు. వేడికి ఉక్కు సాగుతుంది కనుక ప్రతి కొలతకూ ఉష్ణోగ్రత సవరణ అవసరమైంది. ఏడున్నర మైళ్ల దూరం కొలవడానికి 57 రోజులు పట్టింది. ఒక రేఖను ఇంత శ్రమపడి కొలిస్తే, దాని చివరల నుంచి కోణాలు తీసుకుంటూ మిగిలిన దూరాలను గణితంతో సాధించవచ్చు. త్రికోణమితీయ సర్వేకు ఇదే మూలసూత్రం.

ఈ త్రికోణాల వరుస తెలుగు ప్రాంతానికి చేరడం త్వరగానే జరిగింది. 1811లో గుత్తి వద్ద, 1815లో నిజాం రాజ్యంలోని బీదరు వద్ద ఆధార రేఖలు కొలిచారు. 1818లో ఈ కృషి భారత మహా త్రికోణమితీయ సర్వే అనే పేరు పొందింది. ఆ ఏడాదే జార్జి ఎవరెస్ట్ హైదరాబాదు వచ్చి లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరాడు. కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో పనిచేసిన అతడి బృందాన్ని జ్వరాలు పీడించాయి. ఎవరెస్ట్ స్వయంగా జబ్బుపడి కోలుకోవడానికి దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతానికి వెళ్లవలసి వచ్చింది. తరువాతి కాలంలో ఇత్తడి, ఇనుము జోడించి వేడివల్ల కలిగే మార్పును తమంతట తామే సరిదిద్దుకొనేలా నిర్మించిన పది అడుగుల కడ్డీలు వాడుకలోకి వచ్చాయి. వాటితో 1841లో బీదరు రేఖను మళ్లీ కొలిచారు. 1862లో విశాఖపట్టణం వద్ద మరొక ఆధార రేఖను కొలిచారు.

కోణాలను కొలిచిన మహా థియోడొలైట్‌ను లండన్‌లో విలియం కేరీ తయారుచేశాడు. దాని అడ్డవృత్తం వ్యాసం 36 అంగుళాలు, బరువు సుమారు అర టన్ను. ఇండియాకు వస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకోవడంతో అది మారిషస్ చేరింది. అక్కడి గవర్నరు దానిని మర్యాదగా మద్రాసుకు పంపించాడు. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయ విమానం పైకి ఎత్తుతుండగా తాడు తెగి పరికరం గోడకు కొట్టుకుంది. వంకర తిరిగిన వృత్తాన్ని లాంబ్టన్ వారాల తరబడి శ్రమించి మళ్లీ గుండ్రంగా సరిచేశాడు.

4. బాగుచేసిన చేతులు

పరికరం చరిత్ర దాని తయారీతో ముగియదు. లాంబ్టన్ థియోడొలైట్‌ను 1830 తరువాత ఎవరెస్ట్ వెంట వచ్చిన పరికరాల శిల్పి హెన్రీ బారో చాలావరకు పునర్నిర్మించాడు. అతడి తరువాత ఆ బాధ్యత స్వీకరించినవాడు ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుసేన్. వృత్తాలపై విభాగరేఖలను తిరిగి గీయడం వంటి అతిసున్నితమైన పని అతడి చేతుల మీదుగా సాగింది. ఎవరెస్ట్ అతడి నైపుణ్యాన్ని బహిరంగంగా మెచ్చుకున్నాడు. 1843లో కలకత్తాలో కంపెనీ గణిత పరికరాల శిల్పి పదవి అతడికి దక్కింది. లండన్ శిల్పి మాత్రమే చేయగలడనుకున్న పనిని ఆర్కాటు శిల్పి చేసి చూపించాడు.

ఈ ఉదంతం సేకరణకర్తకు ఒక పాఠం. నేడు డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా సంరక్షణలో ఉన్న మహా థియోడొలైట్ 1802 నాటి రూపంలో లేదు. దానిలో దెబ్బ, మరమ్మతు, పునర్నిర్మాణం పొరలుపొరలుగా ఉన్నాయి. తొలిరూపం లేదన్న కారణంతో అటువంటి వస్తువు విలువను తగ్గించడం పొరపాటు. మరమ్మతు గుర్తులే ఇక్కడి శిల్పుల సంతకాలు. చాలామంది విషయంలో వేరే సంతకాలు మిగలలేదు కూడా.

గొలుసు లాగినవారు, జెండాలు పట్టినవారు, కొండల మీదికి పెట్టెలు మోసిన ఖలాసీలు రికార్డుల్లో సంఖ్యలుగానే మిగిలారు. రెవెన్యూ శాఖల్లో చైన్‌మన్ అనే ఉద్యోగనామం చాలాకాలం నిలిచి ఉంది. అద్దాల పెట్టె పక్కన ఉంచే వివరణ ఫలకంలో తయారీదారు పేరుతోపాటు ఈ శ్రమకూ చోటు ఉండాలి.

5. లభించే చోట్లు, గుర్తించే పద్ధతులు

బోధనకు పనికివచ్చే పరికరాలు అధికంగా ఉండేది సామాను గదుల్లోనే. పాత ఇంజనీరింగు కళాశాలలు, నీటిపారుదల, రహదారుల శాఖల డివిజన్ కార్యాలయాలు, జిల్లా సర్వే కార్యాలయాలు, రైల్వే విభాగాలు వీటికి సహజ నిలయాలు. 1794లో మైఖేల్ టాపింగ్ మద్రాసులో స్థాపించిన సర్వే పాఠశాల కాలక్రమంలో గిండీ ఇంజనీరింగు కళాశాలగా ఎదిగింది. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించాడు. పరికరంతో బోధించే సంప్రదాయానికి దక్షిణ భారతంలో రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉందనడానికి ఆ పాఠశాల నిదర్శనం. అటువంటి సంస్థల్లో నిరుపయోగ వస్తువుల జాబితా తయారయ్యేటప్పుడు చరిత్ర తెలిసినవారు ఒకరు ఆ జాబితాను చూడటం అత్యవసరం. జాబితాలో ‘ఇత్తడి సామగ్రి, పాతది’ అని నమోదైన వస్తువు తూకానికి పోతే తిరిగి రాదు.

కొనుగోలు చేసేటప్పుడు కొన్ని పరీక్షలు పాటించదగినవి. మొదటిది తయారీదారు పేరు. ట్రౌటన్ అండ్ సిమ్స్ అనే పేరు 1826లో ఏర్పడింది. 1922లో అది కుక్ సంస్థతో కలిసి కుక్, ట్రౌటన్ అండ్ సిమ్స్ అయింది. కాబట్టి మూడు పేర్లూ చెక్కిన లెవెల్ యంత్రాన్ని 19వ శతాబ్దిదని అమ్మజూపితే అది చెల్లదు. బాణం గుర్తు ఉంటే ఆంగ్ల ప్రభుత్వ ఆస్తిగా ఉండేదని ఊహించవచ్చు. కలకత్తా గణిత పరికరాల కార్యాలయపు గుర్తు, సంఖ్య ఉంటే అది ఈ దేశంలో వినియోగమైనదనడానికి బలమైన సాక్ష్యం.

రెండవది వెర్నియర్ పరీక్ష. అలంకారం కోసం తయారయ్యే ఇత్తడి నకళ్లు మార్కెట్లో విస్తారంగా ఉన్నాయి. వాటిలో పేరు అందంగా చెక్కి ఉంటుంది, కొలత మాత్రం ఉండదు. అసలైన వెర్నియర్‌లో 60 భాగాలు ఉంటే అవి ప్రధాన వృత్తంపై 59 భాగాల నిడివిని ఆక్రమిస్తాయి. వృత్తంపై ఒక్కొక్క భాగం 20 నిమిషాలైతే, ఆ వెర్నియర్ 20 సెకన్ల వరకు కోణాన్ని చదవగలదు. సున్నా గీతలు రెండూ కలిసినప్పుడు చివరి గీతలు కూడా ఒక భాగం తేడాతో కలుస్తాయా అని చూస్తే చాలు. నకలు అక్కడే బయటపడుతుంది. విద్యార్థి చేత ఈ పరీక్ష చేయిస్తే వెర్నియర్ సూత్రం కూడా అతడికి బోధపడుతుంది.

మూడవది ఆనవాలు చరిత్ర, అంటే వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న వివరం. పెట్టె మూతలోని చీటీ, సామాను పుస్తకంలోని సంఖ్య, మరమ్మతు రసీదు వంటివి పరికరమంత విలువైనవి. పెట్టె పాడైందని పారవేసి పరికరాన్ని మాత్రమే తీసుకోవడం వల్ల ఈ ఆధారాలు నశిస్తాయి.

నాలుగవది చట్టం. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం శాస్త్రానికి, కళకు, చేతివృత్తులకు సంబంధించిన వస్తువులు నూరేళ్లకు తగ్గనివి పురావస్తువుల నిర్వచనంలోకి రావచ్చు. వాటి వ్యాపారానికి అనుమతి అవసరం, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడం నిషిద్ధం. అందువల్ల కొనుగోలు కాగితాలు లేని వస్తువును సంస్థలు స్వీకరించరాదు.

6. సంరక్షణ, భద్రత

సేకరించిన వస్తువుకు ఎక్కువ హాని చేసేది తరచుగా శుభ్రపరచాలన్న ఉత్సాహమే. పాత ఇత్తడి పరికరాలపై సన్నని లక్కపూత ఉంటుంది. చింతపండుతోనో మెరుగు మందుతోనో తోమితే ఆ పూతతోపాటు వెండి పట్టీపై గీసిన సన్నని విభాగరేఖలు కూడా అరిగిపోతాయి. దేవుడి దీపాన్ని తోమినట్టు థియోడొలైట్‌ను తోమరాదు. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం వరకే సాధారణ సిబ్బంది పరిమితం కావాలి. దూరదర్శినిలోని అడ్డగీతలకు అప్పట్లో సాలెపురుగు దారాన్ని వాడేవారు. ఊదితే తెగిపోయే ఆ దారం ఇప్పటికీ నిలిచి ఉంటే అది అపురూపమైన అవశేషం.

ప్రదర్శనకు ముందు ఆరోగ్య భద్రతను కూడా పరిశీలించాలి. కృత్రిమ క్షితిజాలు, వాయుపీడన మాపకాలలో పాదరసం ఉంటుంది. ప్రపంచయుద్ధాల కాలంనాటి కొన్ని సైనిక కంపాసుల ముఖాలపై చీకట్లో వెలగడానికి రేడియం కలిసిన రంగు పూసేవారు. ఆ వెలుగు ఆరిపోయినా రేడియం ధార్మికత తగ్గదు. దాని సగం క్షీణించడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. అటువంటి కంపాసును తెరవడం, గీకడం, విద్యార్థుల చేతికివ్వడం తగదు.

ఈ కారణాల వల్ల సేకరణను రెండు తరగతులుగా విభజించడం మేలు. ఆనవాలు చరిత్ర గల అరుదైన వస్తువులు ప్రదర్శనకే పరిమితం కావాలి. ఒకే రకానివి అనేకం ఉన్న గొలుసులు, ప్లేన్ టేబుళ్లు, క్రాస్‌స్టాఫ్‌లు, 20వ శతాబ్ది లెవెల్ యంత్రాలు బోధనకు ఇవ్వవచ్చు. అన్నింటినీ అద్దాల వెనుక ఉంచితే చదువు ఉండదు, అన్నింటినీ చేతికిస్తే వస్తువు మిగలదు.

7. తరగతి గదిలో గొలుసు

పాత పరికరం బోధనలో ఏమి చేయగలదో ఒక్క గొలుసు ఉదాహరణతో నిరూపించవచ్చు. గంటర్ గొలుసులో లింకులను చిన్న వలయాలు కలుపుతాయి. లాగిన ప్రతిసారీ ఆ కూడళ్లు రాసుకొని అరుగుతాయి. ఒక్కొక్క లింకు దగ్గర కలిగే అరుగుదల అంగుళంలో ఇరవయ్యో వంతు అనుకుంటే, 100 లింకులకు గొలుసు 5 అంగుళాలు పొడవవుతుంది. 792 అంగుళాలుండవలసిన గొలుసు 797 అంగుళాలవుతుంది.

పొడవైన గొలుసుతో కొలిస్తే అదే దూరానికి తక్కువ లింకులు వస్తాయి. దూరంలో తేడా నూటికి 0.63 వంతు. విస్తీర్ణానికి వచ్చేసరికి అది దాదాపు రెట్టింపై నూటికి 1.27 వంతు అవుతుంది. అంటే రికార్డులో 100 సెంట్లుగా నమోదైన పొలం నేలమీద 101.27 సెంట్లు ఉంటుంది. పదెకరాల కమతంలో ఈ తేడా 12 సెంట్లు దాటుతుంది. అందులో ఒక ఇల్లు, పెరడు పడతాయి. దీనికి విరుద్ధంగా, లింకులు వంగి గొలుసు పొట్టిదైతే నేలకంటే రికార్డు ఎక్కువ చూపుతుంది.

సర్వే నిబంధనలు గొలుసును తరచుగా ప్రమాణ కొలతతో సరిచూడాలని చెప్పడానికి కారణమిదే. రికార్డుకూ నేలకూ తేడా వచ్చినప్పుడు పొరుగువాడు గట్టు జరిపాడన్న అనుమానం సహజంగా కలుగుతుంది. కొన్నిచోట్ల అది నిజమూ కావచ్చు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయకుండానే ఆ తేడా రాగలదని అరిగిన గొలుసు నిరూపిస్తుంది. అరిగిన గొలుసును, సరైన ఉక్కు టేపును నేలపై పక్కపక్కన పరచి చూపితే ఒక్క పూటలో విద్యార్థికి ఈ విషయం అనుభవంలోకి వస్తుంది. ఆ విద్యార్థి రేపు రెవెన్యూ ఉద్యోగి కావచ్చు, న్యాయవాది కావచ్చు, పొలమున్న ఇంటి బిడ్డ కావచ్చు. కనుక అరిగిన గొలుసును సరిచేయకుండా అరిగిన స్థితిలోనే భద్రపరచాలి. దాని లోపమే దాని విలువ.

8. ముగింపు

పై పరిశీలనవల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. సర్వే పరికరం విలువ దాని వయస్సుపైన, మెరుపుపైన కాక, అది ఏ కొలతను పుట్టించిందన్న అంశంపై ఆధారపడి ఉంటుంది. తయారీదారు పేరు, వెర్నియర్ లెక్క, ఆనవాలు చరిత్ర, చట్టబద్ధత అనే నాలుగు పరీక్షలు దాటిన వస్తువునే సంస్థలు స్వీకరించడం శ్రేయస్కరం. మరమ్మతు గుర్తులు, అరుగుదల చెరిపివేయదగిన లోపాలు కావు, చదవదగిన ఆధారాలు.

సేకరణతోపాటు పదసేకరణ కూడా జరగాలి. గడ, గొలుసు, అణా, గుంట, సెంటు, టిప్పన్ వంటి మాటలను ఆ పరికరాలతో పనిచేసినవారి నోట విని నమోదు చేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. పరికరాన్ని సామాను గదిలో వెదికే చరిత్రకారుడు, మాటను వృత్తిదారుల మధ్య వెదికే భాషావేత్త కలిసి పనిచేస్తే, భూమి రికార్డుల్లోని అంకెలు ఎలా పుట్టాయో వివరించగల సాక్ష్యం రాబోయే తరాలకు మిగులుతుంది. ఆలయ గోడపై గడను గీసి ఊరందరికీ ప్రమాణాన్ని చూపిన సంప్రదాయానికి ఇది తగిన కొనసాగింపు.